సున్నా చూపిన మీటరు

జెట్టీ మీది గోడగడియారం పదీ రెండు చూపిస్తోంది. ఆ గడియారం ఎప్పుడూ ఒక నిమిషం ముందు పరిగెడుతుందని ఆమెకు తెలుసు, అంటే పదీ ఒకటి, అంటే ఇంకా యాభై తొమ్మిది నిమిషాలు. పెళ్ళై ఇరవై మూడు రోజులైన మనిషికి యాభై తొమ్మిది నిమిషాలు ఏపాటి, మొన్న సాయంత్రం కిటికీ దగ్గర ఒకే కుర్చీలో ఇద్దరూ ఇరుక్కుని కూర్చుని వాన చూస్తూంటే రెండు గంటలు ఎటు పోయాయో తెలియలేదు, చివరికి కుర్చీ కిర్రుమని హెచ్చరిస్తే గానీ లేవలేదు. ఇవాళ మాత్రం ఒక్కో నిమిషం కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఎదురుగా జలాంతర్గామి, నీళ్ళలోంచి వీపు మాత్రం పైకి పెట్టి పడుకున్న నల్లటి జంతువులా, ఏమీ ఎరగనట్టు ఉంది. దాని మూడు మూతల్లోకీ జెట్టీ మీంచి లావుపాటి రబ్బరు గొట్టాలు దించారు, అవి గాలి ఊదుతున్నాయి, హోరున. లోపల ఒక్క మనిషి లేడు. ఇరవై రెండు మందీ బయట నిలబడి ఉన్నారు, ఆమె చెయ్యబట్టి. బ్యాటరీ చార్జింగ్ నడుస్తూండగా గట్టు మీది మెయిన్ స్విచ్ ఆపించి, దాని పిడికి ఎర్ర ట్యాగు తగిలించి, అందర్నీ దేన్నీ ముట్టుకోకుండా పైకి రమ్మన్నది ఆమే. ఒక గంట గాలి ఊదేదాకా ఎవరూ దిగకూడదు, అది రూలు. ఇంకో రూలు కూడా ఉంది, దాన్ని రాసిన మహానుభావుడికి పెళ్ళి అయి ఉండదు: ట్యాగు వేసిన మనిషీ, పొద్దున ఆ గదిని తనిఖీ చేసి సంతకం పెట్టిన మనిషీ, సంగతి తేలేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. పొద్దున సంతకం పెట్టింది అతను. అందుకే తాడు కట్టిన గీతకు అవతల, నలభై అడుగుల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని అతను నిలబడ్డాడు; ఇవతల, పడవలు కట్టే ఇనప దిమ్మ పక్కన, ఆమె. ఇద్దరి మధ్యా ఒక సముద్రపు కాకి అటూ ఇటూ నడుస్తోంది, దానికి ఏ రూలూ లేదు.

నవ్వు రాబోయింది. ఇది నవ్వే సమయమా అని తనను తాను గిల్లుకుంది. కెప్టెన్ ఇటే చూస్తున్నాడు. ఆయన బోటు రేపు పొద్దున బయల్దేరాలి, చార్జింగ్ మధ్యలో ఆగితే రేపు కాస్తా ఎల్లుండి అవుతుంది, ఎల్లుండికి ఆయన పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి. స్విచ్ ఆపినప్పుడు ఆయన మెట్లు దిగి వచ్చి, బ్యాటరీ గది గాలిని గొట్టంతో పీల్చి చూసే గట్టు మీది హైడ్రోజన్ మీటరు వంక చూశాడు, ముల్లు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "సున్నా ఉంది కదమ్మా," అన్నాడు. "గ్యాసు ఎక్కువుందని ఆపినవాళ్ళని చూశాను. అసలు లేదని ఆపినవాళ్ళని ఇవాళే చూస్తున్నాను." పక్కనున్న నావికులు నవ్వు ఆపుకోలేక బూట్ల వంక చూసుకున్నారు. ఆమె కూడా తన బూట్ల వంకే చూసుకుంది, కొత్తవి, పెళ్ళికి ఆమె స్నేహితురాళ్ళంతా కలిసి చీర కొనకుండా ఈ తోలు బూట్లు కొనిచ్చారు, అడుగున ఇనప మేకు ఒక్కటి కూడా లేనివి, నిప్పురవ్వ పుట్టనివి. ఎవరికి దొరుకుతాయి అలాంటి స్నేహితురాళ్ళు. బూట్ల వంక చూస్తూనే చెప్పింది, చార్జింగ్ ఆఖరి దశలో బ్యాటరీ ఉడుకుతూ ఉంటుంది సార్, పాయింటు మూడో, పాయింటు అయిదో, ఎంతో కొంత హైడ్రోజన్ రావాలి, మీటరు మంచిదే, సీసాలోని గ్యాసు పెట్టి ఇప్పుడే పరీక్ష చేశాను, అయినా రెండు గంటలుగా ముల్లు సున్నా మీద నిద్రపోతోందంటే అది బ్యాటరీ గది గాలి పీల్చడంలేదు, వేరే ఎక్కడి గాలో పీల్చి మనకి కబుర్లు చెబుతోంది. గొంతు వణకలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళంతా ఒక వెచ్చదనం.

గొట్టాలు హోరుమంటున్నాయి. బోటులోని వంటవాడు తలుపుల్లేని ఇంట్లోంచి గెంటేసినట్టు మొహం పెట్టుకుని జెట్టీ మీద పచార్లు చేస్తున్నాడు. పది గంటలకి ఇరవై రెండు మందికి టీ పెట్టడం ఆయన వ్రతం, పదకొండేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదట, ఇవాళ పదింటికి పది నిమిషాల ముందు పైకి రమ్మన్నారు. గాల్లో హైడ్రోజన్ లేదంటున్నారు, మరి నా టీ ఏం పాపం చేసిందో అని పక్కవాడికి వినిపించేలా సణిగాడు, అంటే ఆమెకు వినిపించేలా. ఆమెకు కోపం రాలేదు. కెటిల్ స్విచ్ ఎక్కడుందో ఆమెకు తెలుసు. బ్యాటరీ గది మూతకి రెండు అడుగుల పైన, గోడమీద. స్విచ్ వేస్తే లోపల కంటికి కనబడని చిన్న మెరుపు మెరుస్తుంది, ఎప్పుడూ మెరుస్తుంది, మన ఇళ్ళలో కూడా, మనం టీ తాగేసి మర్చిపోతాం. మెరుపు వరకూ తలుచుకుని ఆమె అక్కడితో ఆపేసుకుంది, ఇటు తిప్పు బుర్రని, కాకి వంక తిప్పు.

పెద్దమేస్త్రీ చెప్పిన పాఠం వేపు తిరిగింది బుర్ర. బ్యాటరీ షాపులో అందరికీ ఆయన పెద్దమేస్త్రీ, పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఎవరూ మిగల్లేదు, ఎడమచేతికి మూడు వేళ్ళే, మిగతా రెండూ ఎక్కడ పోయాయని అడిగితే రోజుకో కథ చెబుతాడు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి వచ్చానని మొదటిరోజు ఆమె కాస్త గర్వంగా చెప్పుకుంటే ఆయన చేతిలోని గుడ్డ పక్కన పెట్టి, అయితే అమ్మాయ్, బోటు దేనివల్ల పేలుతుందో చెప్పు అన్నాడు. ఆమె పుస్తకంలో ఉన్నట్టు గడగడా అప్పజెప్పింది. ఆయన ఓపిగ్గా విని, అదంతా నిజమే గానీ అలా గుర్తుండదు, ఇలా గుర్తుపెట్టుకో, బోటంటే ఉమ్మడి కుటుంబం అన్నాడు. టార్పెడో కడుపులో ఉండే మందు ఇంటికొచ్చిన అల్లుడు, మర్యాదగా చూసినంతసేపూ మహా మంచివాడు, ఎక్కడో ఒక చుక్క కారి తుప్పు మీదో మురికి మీదో పడ్డాడంటే తనంతట తనే కుతకుత ఉడుకుతాడు, ఇక ఎవరి మాటా వినడు. ఊపిరికోసం పెట్టుకునే ఆక్సిజన్ డబ్బాలు పిన్నిగారు, ప్రాణం పెడుతుంది, కానీ జిడ్డు చేత్తో ముట్టుకుంటే భగ్గుమంటుంది. డీజిలు ఇంజను మామగారు, లోలోపల వేడెక్కుతూ ఉంటాడు, పైకి ఏమీ అనడు, అప్పుడు తొందరపడి మూత తీసి పలకరించామో, లోపలి ఆవిరికి బయటి గాలి తగిలి మీద పడతాడు. కాస్త చల్లబడనిచ్చి పలకరించాలి. గాలి సిలిండర్లు బావగారు, అంత ఒత్తిడిలో నూనె చుక్క ఒక్కటి చాలు. ఇలా ఒక్కొక్కళ్ళనీ పరిచయం చేసుకుంటూ వచ్చి చివరికి బ్యాటరీ గది మూత మీద మూడు వేళ్ళతో తట్టి, "వీళ్ళందరికంటే ఈ హైడ్రోజన్ని చూసుకో అమ్మాయ్. కొత్తకోడలు. రంగులేదు, వాసనలేదు, నోరు విప్పదు. పైకప్పు మూలకి పోయి కూచుంటుంది. బాగానే ఉన్నావా అని మనమే వెళ్ళి అడగాలి. అడక్కపోతే ఒకరోజు ఇల్లే లేచిపోతుంది," అన్నాడు. నూటికి రెండు పాళ్ళు దాటితే ఎవరూ లోపల ఉండకూడదు, నాలుగు దాటితే ఉండడానికి ఎవరూ మిగలరు. అది ఆయన లెక్క. అప్పటికి ఆమెకు పెళ్ళి కాలేదు. ఇప్పుడు తనూ కొత్తకోడలే, అత్తగారింటి వంటగది మూలన మొదటి రెండురోజులూ నోరు విప్పకుండా నిలబడినప్పుడు ఆ మాట గుర్తొచ్చి కిసుక్కున నవ్వితే, అత్తగారు వెనక్కి తిరిగి, ఏమిటే అని అడిగింది. అడిగింది కాబట్టి ఇల్లు నిలిచింది.

ఆవిడకే చెప్పింది ఆరోజు, తన ఉద్యోగం ఏమిటో. అల్లుడూ పిన్నిగారూ మామగారూ అన్నీ చెప్పింది, మామగారు పేపరు అడ్డం పెట్టుకుని విన్నారు. అత్తగారు కత్తిపీట ఆపి, మరి మావాడు కూర్చునే చోట వీటిలో ఏముంటాయి అని అడిగింది. అబద్ధం చెబుదామనుకుంది, కొత్త కదా. అన్నీ ఉంటాయండీ అంది. ఆవిడ కాసేపు తరుగుతున్నదాని వంక చూసి, "అయితే నువ్వు గట్టిగా చూడు. మొహమాటపడకు. మావాడని కూడా చూడకు," అంది. అంతే, మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. మావాడని కూడా చూడకు. ఇవాళ పొద్దున స్విచ్ పిడి మీద చెయ్యి వేసినప్పుడు తనిఖీ పుస్తకం తెరిచే ఉంది, ఏడూ అయిదుకి సంతకం, ఆ కొమ్ముల్లా పైకి లేచే అక్షరాలు ఆమెకు తెలిసినవే, పెళ్ళికి ముందు రెండు నెలలు ఆ అక్షరాల ఉత్తరాలు దిండుకింద పెట్టుకుని పడుకున్నది. ఒకే యార్డులో పనిచేస్తూ ఉత్తరాలేమిటని అందరూ ఏడిపించేవాళ్ళు. బోటు నీళ్ళకిందికి పోతే ఉత్తరం తప్ప గతేముంది. ఆ సంతకం కిందే స్విచ్ ఆపిన టైము తొమ్మిదీ యాభై అని రాసింది.

పదీ ఇరవై. కాకి ఎగిరిపోయింది.

ఇంకో సంగతి ఉంది, దాని జోలికి పోకుండా ఇందాకట్నుంచి చుట్టూ తిరుగుతోంది. మూడు నెలల కిందట, పనిలో చేరిన కొత్తలో, ఒకసారి ట్యాగు వేసింది. అప్పుడు ముల్లు మూడు దాటి ఎగిరింది, అందర్నీ పైకి రప్పించింది, గంట గాలి ఊదించింది, తీరా చూస్తే మీటరు లోపలి సెల్లు అయిపోయి ముల్లుకి పిచ్చెక్కింది. సెల్లు చూసుకోకుండా వచ్చినందుకు తప్పు ఆమెదే. వారం రోజులు యార్డంతా ఆమెను ముక్కుపిల్ల అని పిలిచింది, వాసన లేనిదాన్ని వాసన పట్టిన పిల్ల అని. పేరు ఇప్పటికీ పోలేదు, ఇప్పుడందులో కాస్త ముద్దు కలిసింది, అంతే తేడా. అతనూ మొదటిసారి ఆమెను చూసింది ఆరోజే, పైకి వచ్చిన నావికుల్లో ఒకడుగా. అందరూ విసుక్కుంటుంటే దగ్గరికి వచ్చి, ఒక గంట ఎండలో నిలబెట్టారు, థాంక్సండీ, నెలరోజులయింది ఎండ చూసి అన్నాడు. వెక్కిరింపేమో అనుకుంది. కాదు. ఆ నవ్వులో వెక్కిరింపు లేదు. సరే, అది వేరే కథ, అసలు సంగతి ఏమిటంటే ఆర్నెల్ల పరీక్షాకాలంలో రెండుసార్లు ఉత్తపుణ్యానికి ట్యాగు వేస్తే ట్యాగుల పెట్టె తాళంచెవి వెనక్కి తీసుకుంటారు. ఆ పైన ల్యాబులో సీసాలు కడుక్కోవాలి, బోటు మెట్ల మీదికి అడుగు పెట్టనివ్వరు. ఒకసారి అయిపోయింది. ఇది రెండోది. మెడలో తాడుకి వేలాడుతున్న తాళంచెవి, ఇత్తడిది, ఉంగరం కంటే బరువైనది, పదకొండింటికి ఉంటుందో ఊడుతుందో.

అంటే లోపల గ్యాసు ఉండాలని కోరుకోవాలి. కోరుకుంది కూడా, ఒక్క క్షణం, ఉండాలి, బోలెడంత ఉండాలి అని. వెంటనే తాడు అవతల నిలబడ్డ అతను కనిపించాడు. గ్యాసు ఉంటే ఆ సంతకం అబద్ధం. పొద్దున బ్యాటరీ గదిలోకి పాక్కుంటూ పోయి, గాలి లాగే జాలీ దగ్గర సన్నటి కాగితం ముక్క పట్టుకోవాలి. కాగితం వెళ్ళి జాలీకి అతుక్కుంటే గాలి ఆడుతున్నట్టు, జారి కింద పడితే ఆడనట్టు. దానికి పది నిమిషాలు పడుతుంది. అది చేసినట్టే ఆ సంతకానికి అర్థం. చేసే ఉంటాడు. చెయ్యకుండా ఎలా ఉంటాడు, పళ్ళు తోముకున్న బ్రష్షుని కూడా నీళ్ళు కారేటట్టు నిలబెట్టి పెట్టే మనిషి. చేశాడనుకుంటే గ్యాసు లేదు, తాళంచెవి పోతుంది. గ్యాసు ఉందనుకుంటే చెయ్యలేదు. ఈ రెంటిలో ఒకటి కావాలని కోరుకోమంటే ఏ పెళ్ళాం కోరుకుంటుంది, ఏ ఉద్యోగి కోరుకుంటుంది, రెండూ ఒకే మనిషి అయితే ఏం చెయ్యాలి. ఎమ్మెస్సీలో చెప్పలేదు.

అప్పుడు అతను ఒక పని చేశాడు. చేతులు ముందుకు తెచ్చి, చొక్కా రెండో గుండీ మీద వేలు పెట్టాడు. ఆమె వంక చూస్తూనే. ఆ వేలు అక్కడే ఉంచాడు.

గుండీ. పొద్దున ఆరున్నరకి ఆ గుండీ ఊడి చేతిలోకి వచ్చింది. వేరే చొక్కా వేసుకుంటానన్నాడు, ఆమె వద్దంది, ఒక్క నిమిషం, కుట్టేస్తాను అని సూదీ దారం తెచ్చింది. చొక్కా విప్పద్దు, వేసుకునే ఉండు అంది. కుట్టడం రాదు ఆమెకు, అసలు రాదు, అయినా అతని గుండె మీద తల ఆనించి దారం పళ్ళతో తెంపాలని పెళ్ళిచూపులనాటినుంచీ ఒక సరదా. సూది రెండుసార్లు అతనికి గుచ్చుకుంది, బ్యాటరీలో ఆసిడ్ ఉంటుందని తెలుసుగానీ ఇంట్లో ఇంత ప్రమాదం ఉందని చెప్పలేదే అన్నాడు, ఇద్దరూ నవ్వడంతో దారం ముడిపడింది, మళ్ళీ మొదట్నుంచి. వంటగది గోడకి అతను తగిలించిన పలక చూస్తూ కుట్టింది. యార్డు గేటు దగ్గర పేలుడు లేని రోజులు అని పెద్ద బోర్డు ఉంటుంది, పదకొండు వేల నాలుగు వందల చిల్లర, రోజూ పొద్దున కాపలాదారు ఒక అంకె మారుస్తాడు, మారుస్తూ చొక్కా సర్దుకుంటాడు, అంత గర్వం ఆయనకి. దాన్ని చూసి అతను వంటగదిలో పలక పెట్టాడు, పేలుడు లేని రోజులు అని, ఇద్దరి పోట్లాటల లెక్క. తొమ్మిదో రోజున తడి తువ్వాలు మంచం మీద వేసినందుకు ఒక పేలుడు జరిగి అంకె సున్నాకి పోయింది, తరవాత మళ్ళీ పెరిగి ఇవాళ్టికి పద్నాలుగు. గుండీ అయ్యేసరికి ఆరూ నలభై. పరిగెత్తుకుంటూ పోయాడు, మెట్ల మలుపులో వెనక్కి తిరిగి గుండీ మీద వేలు పెట్టి చూపించి మరీ పోయాడు.

పది నిమిషాలు.

కాగితం పట్టడానికి పది నిమిషాలు.

అయితే అదా చెబుతున్నది. రూలు ప్రకారం మాట్లాడకుండా, నలభై అడుగుల అవతల్నుంచి, గుండీ మీద వేలుతో, నేను కాగితం పట్టలేదు అంటున్నాడా. లేక భయపడకు, నీ గుండీ గట్టిగానే ఉంది అంటున్నాడా. ఆమె అతని మొహం వంక చూసింది. నవ్వు లేదు. తెల్లబోయిన మొహం కాదు, దాచుకునే మొహమూ కాదు. ఆడపడుచు పెళ్ళి ఫొటోలో అందరూ పళ్ళికిలిస్తే ఒక్కడే నిటారుగా నిలబడ్డ మొహం, అది. నా సూది, నా సరదా, నా పళ్ళు. వాటికి ఇరవై రెండు మంది. జెట్టీ మొదట్లో టోకెన్ల బోర్డు ఉంది, లోపలికి దిగేవాళ్ళు ఎవరి కొక్కేనికి వాళ్ళు ఇత్తడి బిళ్ళ తగిలించి పోతారు, ఉంగరాలూ గడియారాలూ ఆ కొక్కేనికే గుడ్డసంచిలో వేలాడేస్తారు, బ్యాటరీ దగ్గరికి లోహం తీసుకుపోకూడదు కదా. ఇప్పుడు కొక్కేలన్నీ ఖాళీ, ఇరవై రెండూ, ఎవరి బిళ్ళ వాళ్ళ జేబులో ఉంది. ఖాళీ కొక్కేలు ఇంత అందంగా ఉంటాయని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. ఒక్కొక్కటీ చూసుకుంది, వంటవాడిది, కెప్టెన్‌ది, పదిహేడో నంబరుది. అది అతనిది. ఖాళీగా ఉంది. సీసాలు కడుక్కుంటే కడుక్కుంటాను, అనుకుంది. నూరు సార్లు సున్నా చూపిస్తే నూరు సార్లూ ఆపుతాను. అత్తగారు చెప్పింది, మావాడని కూడా చూడకు అని, నేను చూడలేదండీ. చూడకుండానే వేశాను. ఆ మాట అనుకోగానే వెన్ను దానంతట అదే నిటారయింది, తాళంచెవి గుండెల మీద తిన్నగా నిలిచింది, పదకొండు వేల నాలుగు వందల చిల్లర రోజుల్లో ఇవాళ్టి అంకె తన చేతిలో ఉన్నట్టూ, కాపలాదారులా చొక్కా సర్దుకోవాలనీ అనిపించింది, సర్దుకుంది.

గాలి గొట్టాలు ఆగాయి. అంత హోరు తరవాత నిశ్శబ్దం చెవుల్లో గుయ్యిమంది. పదకొండు.

పెద్దమేస్త్రీ చేతి మీటరు మెడలో వేసుకుని బోటు మూత దగ్గరికి నడిచాడు. ఈ యార్డులో సంతకం పెట్టినవాడే వెళ్ళి తెరవాలి, ఎప్పట్నుంచో అంతే. అతను తాడు దాటి వచ్చి బోర్డు దగ్గర ఆగాడు. ఉంగరం తీశాడు, కొత్తది, ఇంకా వేలికి అలవాటు పడనిది, సంచిలో వేశాడు, పదిహేడో కొక్కేనికి బిళ్ళతో కలిపి తగిలించాడు. ఖాళీ కొక్కేలలో అదొక్కటే నిండింది. ఆమె పక్కనించే పోయాడు, చూడలేదు, రూలు. ఇద్దరూ దిగారు. బ్యాటరీ గది మూత ముందే తీయరు, మూతకున్న చిన్న బిరడా తీసి దాంట్లోంచి మీటరు గొట్టం దించుతారు. చూసిన అంకెను పెద్దమేస్త్రీ కిందినించి చెబుతాడు, నిచ్చెన మీదివాడు పైకి చెబుతాడు, పైవాడు జెట్టీకి చెబుతాడు, అలా నోటినుంచి నోటికి వస్తుంది. ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టింది, ఒకటి రెండు మూడు అని, ఇరవై దాటాక అంకెలు మర్చిపోయింది.

"మూడున్నర," అన్నాడు పైవాడు.

గంటసేపు చార్జింగ్ ఆగి, పైగదులన్నిట్లో గాలి ఊదాక కూడా మూసి ఉన్న బ్యాటరీ గదిలో మూడున్నర. చార్జింగ్ నడుస్తూనే ఉండి ఉంటే ఈ పాటికి ఎంతో, లెక్క చెయ్యడం వచ్చినవాళ్ళంతా మనసులో చేసుకున్నారు, రానివాళ్ళు వచ్చినవాళ్ళ మొహాలు చూశారు. వంటవాడు నెమ్మదిగా కూర్చున్నాడు, అక్కడే, జెట్టీ మీద. కెప్టెన్ టోపీ తీసి లోపలివైపు చూశాడు, అక్కడేదో రాసి ఉన్నట్టు, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ బిరడాలోంచే గాలి గొట్టం దించి ఇంకో ముప్పావుగంట ఊదారు, అంకెలు నోటినుంచి నోటికి దిగుతూ వచ్చాయి, రెండు, ఒకటీ పావు, పాయింటు నాలుగు. అప్పుడు మూత తీశారు, అప్పుడు అతను లోపలికి పాకాడు. వచ్చేటప్పుడు నిచ్చెన మీద ముందు చెయ్యి కనిపించింది, ఆ చేతిలో ఒక ప్లాస్టిక్ షీటు, మంచం దుప్పటిలో సగం ఉంటుంది. బూడిదరంగు. కిందటివారం గదికి రంగు వేసినవాళ్ళు, రంగు తుంపర గాలి దారిలోకి పోకుండా జాలీకి ఆ షీటు అతికించారు. పనిమంతులు, ఎంత నీటుగా అతికించారంటే పైకప్పుతోబాటు దానిమీద కూడా రంగు వేసేశారు, అంచు కూడా తెలియకుండా, మసక వెలుతుర్లో కన్ను దాన్ని పైకప్పే అనుకుంటుంది. మీటరు గొట్టం మూతి జాలీ వెనక ఉంది. ఫ్యాను ఎక్కడో అతుకు సందులోంచి నడవాలోని గాలిని లాక్కుని తిరుగుతోంది, మీటరు ఆ శుభ్రమైన గాలి పీల్చి సున్నా, సున్నా అని చెబుతోంది. పాపం, అది అబద్ధం చెప్పలేదు.

ఆ షీటుని అతను మడత పెట్టలేదు, చంకలో దాచలేదు. జెండాలా రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకుని జెట్టీ మీదికి నడిచాడు, అందరికీ కనబడాలని. కెప్టెన్ ముందు నిలబడ్డాడు. కాగితం పట్టి చూశావా అని ఆయన అడగబోతున్నాడు, నోరు తెరిచాడు కూడా. అడగనివ్వలేదు.

"పట్టలేదు సార్. ఆలస్యంగా వచ్చాను. గుమ్మంలోంచి ఫ్యాను శబ్దం విని సంతకం పెట్టాను," అన్నాడు. "తప్పు నాది. ట్యాగు కరెక్టు."

ఆలస్యం ఎందుకయిందో చెప్పలేదు. గుండీ మాట ఎత్తలేదు. ఆమె నోరు తెరిచింది, నేనే, నా వల్లే అందామని, అతను తల తిప్పి ఒక్క చూపు చూశాడు, ఆ చూపులో ఏం ఉందో ఆమె జీవితాంతం ఎవరికీ చెప్పలేదు. సంతకం నాది, తప్పు సూదిది కాదు. అంతే అనుకోవచ్చు. కెప్టెన్ ఆ షీటు అందుకుని, నెల రోజులు ఒడ్డునే ఉండు, పుస్తకం ముట్టుకోకు, ఆ తరవాత పెద్దమేస్త్రీ సరే అంటే చూద్దాం అన్నాడు. తరవాత ఆమె వేపు తిరిగి సెల్యూట్ చేశాడు. యూనిఫారం లేని మనిషికి ఆయన సెల్యూట్ చేయడం ఎవరూ చూడలేదు, చూస్తారని ఆయనా అనుకుని ఉండడు. పెద్దమేస్త్రీ మూడు వేళ్ళతో ఆమె మెడలోని తాళంచెవిని తట్టాడు, బ్యాటరీ మూతని తట్టినట్టే. ఇప్పుడు ఎక్కడ పొంగాలో అర్థం కాలేదు ఆమెకు. ఇరవై రెండు మంది ఊపిరి తీసుకుంటున్నందుకా, తాళంచెవి మెడలో ఉన్నందుకా. అవి రెండూ సరే. కానీ అసలు పొంగించింది అవి కాదు, రెండు చేతులతో తన తప్పుని అంత ఎత్తున పట్టుకుని నడిచి వచ్చిన మనిషి. ఆ మనిషిని ఏరుకున్నాను. వంద మందిలో, ఎండకి థాంక్స్ చెప్పినవాణ్ణి ఏరుకున్నాను.

పుస్తకం తెచ్చారు. ట్యాగు వేసినవాళ్ళు కారణం రాసి సంతకం పెట్టాలి. రాసింది: మీటరు రెండు గంటలు సున్నా చూపినందున. జాలీకి షీటు అతికి ఉన్నది. ఉదయం తనిఖీలో కాగితం పట్టి చూడలేదు. మూడో వాక్యం రాసేటప్పుడు కలం ఆగలేదు. సంతకం దగ్గర ఆగింది. ఇరవై మూడు రోజులుగా ల్యాబు చీటీల వెనక కొత్త ఇంటిపేరుతో సంతకం ప్రాక్టీసు చేస్తోంది, ఇంకా చేతికి రాలేదని పుస్తకంలో మాత్రం పాతదే పెడుతోంది. పైన అతని సంతకం, కొమ్ములు పైకి లేచి. రేపు ఈ పేజీ ఎవరు తెరిచినా, తప్పూ అక్కడే, పట్టుకున్నదీ అక్కడే. పాత పేరు పెడితే ఎవరో ఎవరినో పట్టుకున్నట్టు ఉంటుంది. కొత్త ఇంటిపేరుతో, నింపాదిగా, పూర్తిగా పెట్టింది. అది మా ఇల్లు. రెండూ మావే.

వంటవాడు ఎక్కడినుంచో, జెట్టీ క్యాంటీను నుంచే అయి ఉంటుంది, రెండు గ్లాసుల టీ తెచ్చి దిమ్మ మీద పెట్టి, మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. అతను ఉంగరం తీసుకోబోయి ఆగాడు, చేతినిండా బూడిదరంగు అంటింది. ఆమే సంచి విప్పి, చిటికెన వేలితో రంగు తుడిచి, తొడిగింది. ఇప్పుడు మాట్లాడుకోవచ్చు, రూలు అయిపోయింది, ఇద్దరూ చెరో గ్లాసూ అందుకున్నారు. గుండీ ఇంకా గట్టిగానే ఉంది, అది గమనించింది ఆమె, అంత చెత్తగా కుట్టినా.

"ఇంట్లో పలక సున్నాకి పోయినట్టేనా?" అన్నాడు అతను, గొంతు తగ్గించి.

ఆమె టీ ఊదుకుంది. "సున్నా చూపిస్తే నేను నమ్మను," అంది. "పద్నాలుగు. రేపు పదిహేను."